ఒంటి జబ్బు, మనోవ్యాధి ఒకే మంచం మీద ఉన్నప్పుడు: వార్డులో రోగిని చూసుకునే పద్ధతి

రాత్రి రెండు గంటలకు వార్డు చివరి మంచం మీది మనిషి లేచి కూర్చుని, ‘నా కడుపులో నీళ్ల సంచి పెట్టి కుట్టేశారు, తీసేయండి’ అని అరవడం మొదలుపెట్టాడు. కాలి ఎముక విరిగి చేరిన రోగి. కేస్ షీటు మొదటి పేజీలోనే ‘స్కిజోఫ్రీనియా, చాలా ఏళ్లుగా’ అని ఉంది. లేని గొంతులు వినిపించి, లేనివి నిజమని నమ్మించే మానసిక వ్యాధి అది. పగటి డ్యూటీ వాళ్లు వెళ్తూ వెళ్తూ ‘ఆయన అంతే’ అని చెప్పి వెళ్లారు. నిద్ర ఇంజెక్షన్‌కు అనుమతి కూడా సిద్ధంగా ఉంది.

దుప్పటి తీసి పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే బొడ్డు దాకా గట్టిగా, గుండ్రంగా తగిలింది. మూత్రం బిగిసింది. గొట్టం వేయగానే లీటరుకు పైగా వచ్చింది. ఇరవై నిమిషాల్లో ఆయన గురక పెట్టి నిద్రపోయాడు. వణుకు తగ్గడానికి ఏళ్లుగా వేసుకుంటున్న ట్రైహెక్సీఫెనిడిల్ మాత్రకు, రెండు రోజుల కిందట దురద కోసం మొదలుపెట్టిన మాత్ర తోడైంది. రెండూ మూత్రాశయాన్ని బిగబట్టే రకమే. ఆయన మాటల్లో భ్రమ ఒక్క ‘కుట్టేశారు’ దగ్గరే ఉంది. సంచి నిజంగానే నిండింది.

పాత మానసిక రోగం పేరు కొత్త ఒంటి జబ్బును కనపడకుండా కప్పేయడం ప్రతి ఆసుపత్రిలోనూ జరుగుతుంది. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారు ఇతరులకంటే 10 నుంచి 20 ఏళ్లు ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందులో ఎక్కువ భాగం గుండె, ఊపిరితిత్తులు, అంటువ్యాధుల వంటి ఒంటి జబ్బుల వల్లే. ఈ మార్గదర్శి నర్సులకు, కొత్తగా డ్యూటీలో చేరిన డాక్టర్లకు, మంచం పక్కన కూర్చునే ఇంటివాళ్లకు. మందుల మోతాదులు నిర్ణయించేది వైద్యం చేస్తున్న డాక్టరే. ఏది గమనించాలి, ఎప్పుడు గట్టిగా అడగాలి అన్నదే ఇక్కడి విషయం.

మొదటి అడుగు: ముందు ఒంటిని చూడండి

రోగి ప్రవర్తన హఠాత్తుగా మారితే, మానసిక వైద్యుడికి కబురు పంపేలోపు చేయాల్సిన పని పావుగంటది. జ్వరం, నాడి, బీపీ, శ్వాస వేగం, ఆక్సిజన్, వేలి చివర రక్తంతో షుగర్. ఆ తర్వాత తలకు దెబ్బ తగిలిందా, పొత్తికడుపు ఉబ్బి ఉందా, చివరిసారి విరేచనం ఎప్పుడైంది, చేతులు కాళ్లు వంచితే బిగుసుకుని ఉన్నాయా అని చూడాలి. సెలైన్ సూది గుచ్చిన చోటు వాచిందేమో కూడా చూడండి. మాటల్లో చెప్పలేని రోగి ఆ చేతినే పదే పదే లాగుతుంటాడు, మనం దాన్ని ‘గొడవ చేస్తున్నాడు’ అని రాసేస్తాం.

స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో కొందరు నొప్పిని మనం ఊహించినట్లు వ్యక్తం చేయరు. అపెండిక్స్ పగిలినా, గుండెపోటు వచ్చినా ‘బాగానే ఉంది’ అనే వాళ్లున్నారు. కాబట్టి నొప్పి లేదన్న మాటను నమ్మి ఊరుకోకుండా నాడి వేగాన్ని, ముఖంలో మార్పును, తిండి మానేయడాన్ని లెక్కలోకి తీసుకోవాలి. కొందరు విపరీతంగా నీళ్లు తాగే అలవాటుతో రక్తంలో సోడియం పడిపోయి మూర్ఛ తెచ్చుకుంటారు. మంచం పక్కన సీసాలు ఎన్నిసార్లు ఖాళీ అవుతున్నాయో ఇంటివాళ్లకే ముందు తెలుస్తుంది.

ఎప్పుడూ మానసిక సమస్య లేని మనిషికి నడివయసు దాటాక మొదటిసారి వింతగా అనిపించడం, లేని మనుషులో పురుగులో కళ్లకు కనిపించడం, పొద్దున బాగుండి సాయంత్రానికి తికమకపడటం, జ్వరంతో పాటు మాట తడబడటం... ఇవన్నీ ఒంటివైపే వేలు చూపిస్తాయి. స్కిజోఫ్రీనియాలో ఎక్కువగా గొంతులు వినపడతాయి. కంటికి కనపడే భ్రాంతులు మొదలైతే ముందుగా ఇన్ఫెక్షన్, మందులు, లవణాల తేడా, మద్యం మానడం వంటి కారణాలను వెతకాలి.

రెండో అడుగు: డెలీరియంను పట్టుకోవడం

సంధి ప్రేలాపన అని మన భాషలో ఎప్పటినుంచో ఉన్న మాటే. గంటల్లోనో రోజుల్లోనో మొదలై, హెచ్చుతగ్గులు అవుతూ, ముఖ్యంగా ధ్యాసను చెదరగొట్టే స్థితి ఇది. మతిమరుపు జబ్బు నెలల తరబడి మెల్లగా వస్తుంది. కుంగుబాటులో మాట నెమ్మదిస్తుంది కానీ ధ్యాస ఇంత ముక్కలు కాదు. ఈ తేడా పట్టుకోవడానికి పరికరాలేవీ అక్కర్లేదు. డిసెంబరు నుంచి వెనక్కి నెలల పేర్లు చెప్పమనండి. ఏడు నెలలైనా సరిగ్గా రాకపోతే, మధ్యలో దారి తప్పిపోతే, అనుమానించండి. నెలల పేర్లు అలవాటు లేనివారిని వారాల పేర్లు వెనక్కి చెప్పమనవచ్చు.

అరిచే రోగిని అందరూ గమనిస్తారు. మనకు దొరకకుండా పోయేది మౌనంగా పడుకున్న డెలీరియం. పిలిస్తే కళ్లు తెరుస్తాడు, ఒక ముక్క చెప్పి మళ్లీ మూసుకుంటాడు, అన్నం నోట్లోనే ఉంటుంది. ‘దిగులుగా ఉన్నట్టుంది’ అని కేస్ షీటులో రాసి, కుంగుబాటు మాత్రలు మొదలుపెట్టిన సందర్భాలు నేను చూశాను. ‘నిన్నటిదాకా ఎలా ఉన్నారు?’ అని ఇంటివాళ్లను అడిగితే చాలు. ‘నిన్న మధ్యాహ్నం దాకా నాతో బాగా మాట్లాడింది’ అన్న కూతురి మాట పది పరీక్షల పెట్టు.

చికిత్స అంటే కారణాన్ని తీసేయడం. ఇన్ఫెక్షన్, నొప్పి, మలబద్ధకం, మూత్రం బిగియడం, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం పడిపోవడం, కొత్తగా వేసిన మందు. చాలామందిలో ఒకటి కాదు, రెండు మూడు కలిసి ఉంటాయి. ఒకటి దొరకగానే వెతకడం ఆపేయకండి.

నివారణ సంగతి ఇంకా మామూలు పనులతోనే ఉంది. 1999లో షారన్ ఇనోయీ బృందం 70 ఏళ్లు దాటిన 852 మంది రోగులపై చేసిన అధ్యయనంలో, కళ్లద్దాలు, వినికిడి యంత్రం అందుబాటులో ఉంచడం, రాత్రి నిద్ర చెడకుండా చూడటం, నడిపించడం, నీళ్లు తాగించడం, ఇవాళ ఏ రోజో ఎక్కడున్నారో గుర్తు చేయడం వంటి పనులతో డెలీరియం 15 శాతం నుంచి 9.9 శాతానికి తగ్గింది. ఇంత పని చేసే మాత్ర లేదు. ఇంటినుంచి వచ్చేవాళ్లు పండ్ల సంచికన్నా ముందు ఆయన కళ్లద్దాలు తేవాలి.

ప్రమాదం తప్పించడానికి మందు తప్పనిసరైతే, భ్రమలు, ఉద్రేకం తగ్గించే హాలోపెరిడాల్ వంటివి తక్కువ మోతాదులో, కొద్ది రోజులకే. పార్కిన్సన్ వ్యాధి, లూయీ బాడీ రకం మతిమరుపు ఉన్నవారికి హాలోపెరిడాల్ వేస్తే ఒళ్లు కొయ్యబారిపోతుంది. ఈ విషయం మందుల చార్టు మీద ఎర్ర సిరాతో రాసి ఉండాలి.

మూడో అడుగు: మందుల చార్టు దగ్గర అరగంట కూర్చోండి

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానిస్తాను. రోగి చేరిన రోజునే ఇంట్లో వాడుతున్న మాత్రలన్నీ, పాత చీటీతో సహా, తెప్పించండి. వాటిని రోగి నిజంగా వేసుకుంటున్నాడా అన్నది వేరే ప్రశ్న. ఆరు నెలలుగా మానేసిన మాత్రను ఆసుపత్రిలో పూర్తి మోతాదులో ఒక్కసారిగా ఇవ్వడం, రోజూ వేసుకునే మాత్రను ఎవరూ అడగక ఆపేయడం రెండూ ప్రమాదమే. కుంగుబాటుకు వాడే పరోక్సెటీన్, వెన్లాఫాక్సీన్ వంటివి ఒక్కసారిగా ఆగితే రెండు మూడు రోజుల్లో తల తిరగడం, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్లు అనిపించడం మొదలవుతాయి. దాన్ని చూసి ‘రోగం తిరగబెట్టింది’ అనుకుంటారు.

మితిమీరిన హుషారు, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బుకు లిథియం వాడే రోగికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అది సాధారణ విషయం కాదు. ఒంట్లో నీరు తగ్గినకొద్దీ రక్తంలో లిథియం పెరుగుతుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు, ఎనాలాప్రిల్ వంటి బీపీ మాత్రలు, మూత్రం ఎక్కువ చేసే థయజైడ్లు కూడా దాన్ని పెంచుతాయి. చేతుల వణుకు ముతకగా మారడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే తర్వాతి మాత్ర ఇవ్వకుండా డాక్టరుకు చెప్పండి. రక్తపరీక్ష చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు తీయాలి. సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు కానీ, వృద్ధుల్లో అంకె బాగున్నా విషలక్షణాలు రావచ్చు. అంకెనూ చూడండి, మనిషినీ చూడండి.

స్కిజోఫ్రీనియాకు వాడే క్లోజపీన్ ఇంకా పట్టుదల మనిషి. 48 గంటలకు మించి మోతాదులు తప్పితే పాత మోతాదు దగ్గర మొదలుపెట్టకూడదు. 12.5 మి.గ్రా. నుంచి మళ్లీ మెట్లు ఎక్కాలి, లేకపోతే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. జ్వరం, గొంతునొప్పి వస్తే అదే రోజు తెల్ల రక్తకణాలను లెక్కించాలి. మలబద్ధకం ఈ మందుతో ప్రాణం తీసిన సందర్భాలున్నాయి, కాబట్టి విరేచనాల పట్టికను నవ్వులాటగా తీసుకోవద్దు. ఇక పొగ సంగతి. పొగాకు పొగలోని పదార్థాలు కాలేయాన్ని ఉత్తేజపరిచి క్లోజపీన్‌ను త్వరగా కరిగిస్తాయి. ఆసుపత్రిలో చేరి సిగరెట్లు ఆగిపోతే, అదే మోతాదుతో వారంలోపే రక్తంలో మందు బాగా పెరిగి మత్తు, లాలాజలం, మూర్ఛ వరకు తీసుకెళ్తుంది. నికోటిన్ పట్టీ వేసినా తేడా ఉండదు, ఎందుకంటే ఆ పని చేసేది నికోటిన్ కాదు, పొగ.

రెండు మంచి మందులు కలిసి చెడ్డ పని చేసే జోడీలు కొన్ని ఉన్నాయి. మూర్ఛకూ బైపోలార్‌కూ వాడే వాల్‌ప్రోయేట్ మీద ఉన్న రోగికి మెరోపెనెమ్ యాంటీబయాటిక్ ఇస్తే, ఒకటి రెండు రోజుల్లోనే వాల్‌ప్రోయేట్ స్థాయి కుప్పకూలుతుంది. కుంగుబాటు మాత్రలకు లినెజోలిడ్ యాంటీబయాటిక్ గానీ ట్రామడాల్ నొప్పి మందు గానీ జోడిస్తే మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం మితిమీరి చెమటలు, గాభరా, కాళ్లలో ఆగని అదురు వస్తాయి. కుంగుబాటు మాత్రలే, ముఖ్యంగా వృద్ధుల్లో, సోడియంను తగ్గించగలవు. నొప్పి మాత్రలతో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. హాలోపెరిడాల్, సిటాలోప్రామ్, వాంతులకిచ్చే ఆన్‌డాన్సెట్రాన్, కొన్ని యాంటీబయాటిక్‌లు ఈసీజీలో క్యూటీ విరామాన్ని, అంటే గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధమవడానికి పట్టే సమయాన్ని, పొడిగిస్తాయి. అది 500 మిల్లీసెకన్లు దాటితే గుండె లయ తప్పే ముప్పు పెద్దదని లెక్క. పొటాషియం, మెగ్నీషియం సరిచేసి మందులు మళ్లీ చూడాలి. ఒంటి జబ్బు కోసం ఇచ్చే ప్రెడ్నిసలోన్ రోజుకు 40 మి.గ్రా. దాటినకొద్దీ నిద్ర లేకుండా హుషారు, చిరాకు, భ్రమలు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఉబ్బసానికి వచ్చిన మనిషి మూడో రోజు వార్డంతటికీ ఉపన్యాసాలు ఇస్తుంటే ముందు స్టెరాయిడ్ మోతాదు చూడండి.

హాలోపెరిడాల్, క్లోజపీన్ వంటి యాంటీసైకోటిక్ మందు మీద ఉన్న రోగికి జ్వరం, సీసం పోసినట్లు బిగుసుకున్న కండరాలు, మారిన స్పృహ కలిసి వస్తే అది అత్యవసరం. ఆ మందు ఆపి, వెంటనే డాక్టరును పిలవాలి.

నాలుగో అడుగు: చివరిసారి ఎప్పుడు తాగారో అడగండి

మద్యం మానిన ఆరేడు గంటల్లో వణుకు, మొదటి రెండు రోజుల్లో మూర్ఛ, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి భ్రాంతులు. ఈ కాలక్రమం గుర్తుంటే, ఆపరేషన్ అయిన మూడో రోజు రాత్రి గోడ మీద పురుగులు ఏరుతున్న పెద్దమనిషికి కొత్తగా పిచ్చి పట్టిందని ఎవరూ అనరు. అడగడంలో నీతి బోధ ఉండకూడదు. ‘తాగుతారా?’ అని అడిగితే ‘లేదు’ అంటారు. ‘రోజుకు ఎంత అలవాటు?’ అంటే చెబుతారు. తాగుడు అలవాటున్నవారికీ, చాలా రోజులుగా తిండి లేనివారికీ గ్లూకోజ్ సెలైన్ కంటే ముందు, లేదా దానితోపాటే, థయమిన్ (విటమిన్ బి1) సూది పడాలి. థయమిన్ లోపించి తికమక, తూలే నడక, కంటిగుడ్ల కదలికలో తేడా ఈ మూడూ కనిపించేదాకా ఆగితే మెదడుకు జరిగిన నష్టం ఇక సరికాకపోవచ్చు. తిండి మానేసి చిక్కిపోయిన రోగికి ఒక్కసారిగా పూర్తి ఆహారం పెట్టినా ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండెకు ముప్పు వస్తుంది. కొద్దికొద్దిగా పెంచాలి.

ఐదో అడుగు: కోపంలో ఉన్న మనిషి దగ్గర నిలబడే పద్ధతి

ఒక్కరే మాట్లాడాలి. నలుగురు నాలుగు వైపులనుంచి ‘కూర్చోండి, కూర్చోండి’ అంటే ఎవరికైనా బెదురు పుడుతుంది. రెండు చేతుల దూరంలో, కొంచెం పక్కకు నిలబడండి. తలుపుకు అడ్డం రావద్దు. రోగికీ, మీకూ ఇద్దరికీ బయటికి దారి కనిపించాలి. చేతులు జేబుల్లో ఉండకూడదు. పేరు చెప్పి, ‘ఇప్పుడు మీకు ఏం కావాలి?’ అని అడిగి ఆగండి. ఆ ఆగడమే చాలామందికి రాదు.

భ్రమతో వాదించి గెలిచినవాళ్లు లేరు. ‘మిమ్మల్ని ఎవరూ చంపడం లేదు’ అన్న మాట ఆయన చెవిలో ‘నువ్వు అబద్ధాలాడుతున్నావు’ అని వినపడుతుంది. ‘అలా అనిపిస్తే చాలా భయంగా ఉంటుంది. నేను ఈ రాత్రంతా ఇక్కడే డ్యూటీలో ఉంటాను’ అనండి. అందులో భ్రమను ఒప్పుకున్నదీ లేదు, కొట్టేసిందీ లేదు. గుచ్చే ముందు, తాకే ముందు, దుప్పటి లాగే ముందు చెప్పడం మర్యాద మాత్రమే అనుకుంటాం. భయపడుతున్న మనిషికి అది చికిత్సలో భాగం.

ఇంజెక్షన్ తప్పకపోతే, ఇచ్చిన తర్వాత మొదటి గంట ప్రతి 15 నిమిషాలకూ శ్వాస, ఆక్సిజన్, నాడి, బీపీ, స్పృహ చూడాలి. కండరానికి ఇచ్చే ఓలాంజపీన్‌ను, లోరాజెపామ్ వంటి మత్తు సూదితో కలపవద్దు. పట్టి ఉంచాల్సి వస్తే బోర్లా పడుకోబెట్టి వీపు మీద బరువు వేయడం ఊపిరి ఆపేస్తుంది. ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

ఆరో అడుగు: మౌనం వెనుక ఏముందో చూడటం

ఆసుపత్రి మంచం మీద నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, నీరసం జబ్బు వల్లే రావచ్చు. అందుకే కుంగుబాటును కొలవడానికి అవి పనికిరావు. ‘మీకు ఇష్టమైన మనిషి వచ్చి కూర్చుంటే కొంచెమైనా బాగుంటుందా?’ అని అడగండి. ఇష్టం పూర్తిగా చచ్చిపోవడం, తనవల్ల అందరికీ భారమని అనుకోవడం, ఇక బాగుపడేది లేదన్న నిశ్చయం, ఇవే చూడాల్సినవి. గుండెపోటు తర్వాత కుంగుబాటు ఉన్నవారిలో మరణాల ముప్పు ఎక్కువగా ఉంటుందని 1993లోనే తేలింది. దాన్ని ‘ఇంత జబ్బు వస్తే ఎవరికైనా దిగులే కదా’ అని వదిలేయడం గుండెను సగమే వైద్యం చేయడం.

చనిపోవాలన్న ఆలోచన గురించి సూటిగా అడగండి: ‘బతకడం వృథా అనిపిస్తోందా? ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందా?’ అడిగితే ఆ ఆలోచన పుట్టదు. అవును అంటే, ఒంటరిగా వదలకుండా మానసిక వైద్యుడికి కబురు పంపండి. కిటికీలు, స్నానాల గది, దాచుకున్న మాత్రలు చూడండి. మాత్ర చేతిలో పెట్టి వెళ్లిపోకుండా మింగేదాకా ఆగండి.

మాట్లాడని రోగి అంతా కుంగుబాటు కాదు. పెట్టిన చోట పెట్టినట్లు చెయ్యి అలాగే గాల్లో ఉండిపోవడం, తిండి నీళ్లు ముట్టకపోవడం కేటటోనియా కావచ్చు. లోరాజెపామ్‌తో ఆశ్చర్యపడేంత త్వరగా తేరుకుంటారు. యాంటీసైకోటిక్ మందులతో మరింత ముదరవచ్చు. కదలకుండా ఉన్నన్నాళ్లూ కాళ్లలో రక్తం గడ్డకట్టడం, పడక పుండ్లు రెండింటి మీదా కన్నేసి ఉంచాలి.

ఏడో అడుగు: ‘నాకు వద్దు’ అన్నప్పుడు

మానసిక రోగం ఉన్నంత మాత్రాన చికిత్స వద్దనే హక్కు పోదు. నిర్ణయ సామర్థ్యం ఒక్కో నిర్ణయానికి, ఒక్కో సమయానికి వేరు. చెప్పింది అర్థమైందా, అది తనకు వర్తిస్తుందని తెలుసా, లాభనష్టాలు తూచగలడా, తన నిర్ణయం చెప్పగలడా అని చూడాలి. గొంతులు వినిపిస్తున్న మనిషి కూడా ‘కాలు తీసేస్తే నడవలేను, తీయకపోతే చచ్చిపోవచ్చు, అయినా వద్దు’ అని స్పష్టంగా చెప్పగలడు. పొద్దున తికమకగా ఉన్న మనిషి సాయంత్రానికి తేటపడితే అప్పుడే మళ్లీ అడగాలి. సామర్థ్యం లేదని తేలితే మీ దగ్గరి చట్టం చెప్పిన దారిలో వెళ్లండి, ఆ నిర్ణయానికి కారణం కేస్ షీటులో రాయండి.

రాయడం అంటే గుర్తొచ్చింది. ‘సహకరించడం లేదు’, ‘నటిస్తోంది’ అన్న మాటలు కేస్ షీటులో ఒకసారి పడితే తర్వాతి పది డ్యూటీలూ వాటి కళ్లతోనే చూస్తాయి. ‘సూది అనగానే చెయ్యి వెనక్కి లాక్కుంది, నోటితో మాత్ర వేసుకుంది’ అని చూసింది చూసినట్లు రాయండి.

చివరిది: ఇంటికి పంపే రోజు

శస్త్రచికిత్స డాక్టరు తన చీటీ, మానసిక వైద్యుడు తన చీటీ ఇచ్చి పంపితే రోగి చేతిలో రెండు చీటీలు ఉంటాయి, ఇంట్లో మూడోది ముందే ఉంటుంది. ఒకే జాబితా ఇవ్వండి: ఏది కొత్త, ఏది ఆగింది, ఏది మారింది, ఎందుకు. డెలీరియం కోసం నాలుగు రోజులకని మొదలుపెట్టిన హాలోపెరిడాల్, నిద్ర మాత్ర ఎప్పుడు ఆపాలో తేదీ వేయండి. లేకపోతే అవి ఏళ్లు నడుస్తాయి. ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవారికి డిశ్చార్జి తర్వాతి మొదటి వారమే అన్నిటికంటే ప్రమాదకరం, కాబట్టి వారంలోపు ఎవరు చూస్తారో పేరుతో సహా రాయాలి. యాంటీసైకోటిక్ మందుల మీద ఉన్నవారికి బరువు, షుగర్, కొవ్వు ఎప్పుడు మళ్లీ చూడాలో అదే కాగితం మీద ఉండాలి.

క్లోజపీన్ మీద ఉన్న మనిషిని ‘బయటికి వెళ్లాక సిగరెట్ మొదలుపెడతారా?’ అని అప్పుడే అడగండి. ‘గేటు దాటగానే’ అని నిజం చెప్పేవాళ్లే ఎక్కువ. పొగ మానిన రోజుల్లో తగ్గించిన మోతాదు, ఆ గేటు దాటిన వారంలోపే సరిపోకుండా పోతుంది. తర్వాతి రక్తపరీక్ష తేదీని జాబితా పైభాగంలో రాసి ఇవ్వండి.